ఇంగ్లండ్‌లో ఫ్లాట్ లీజు పొడిగించుకోవడం ఎలా? 80 ఏళ్లకు దిగకముందే చేయాల్సిన పనులు

"లీజు ఇంకా 82 ఏళ్లు ఉందండీ, మనం ఉంటామా ఏమన్నానా, తొందరేముంది?" రెడింగ్ నుంచో స్లౌ నుంచో నెలకొకరైనా ఇలా ఫోన్ చేస్తారు. తొందర ఉంది. మీరు ఉన్నా లేకపోయినా ఆ 82 నుంచి 80కి దిగే రెండేళ్లలో మీ జేబుకు పడే చిల్లు చిన్నది కాదు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక్కచోట రాస్తున్నాను.

ఇది ఇంగ్లండ్, వేల్స్‌లో లీజుహోల్డ్ ఫ్లాట్ ఉన్నవాళ్ల కోసం. స్కాట్లండ్‌లో ఈ గొడవ దాదాపు లేదు. లీజుహోల్డ్ ఇళ్లకు, అంటే ఫ్లాట్లు కాని వాటికి, దారి వేరు. షేర్డ్ ఓనర్‌షిప్ వాళ్లు (ఇంట్లో కొంత వాటా కొని మిగతాదానికి అద్దె కట్టేవాళ్లు) ముందు సొలిసిటర్‌ని అడిగి ఆ తర్వాత ఇది చదవండి.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే భూమిలో అవిభక్త వాటా రిజిస్టరై వస్తుంది. ఇక్కడ మీరు కొన్నది ఆ గోడల మధ్య ఇన్నేళ్లు ఉండే హక్కు మాత్రమే. భూమి, భవనం ఫ్రీహోల్డర్‌వి. గడువు తరిగేకొద్దీ మీ ఆస్తి విలువ తరిగి, ఆయన విలువ పెరుగుతుంది. ఇంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ ఫ్లాట్ టైటిల్ రిజిస్టర్, లీజు కాపీ, భవనం ఫ్రీహోల్డ్ టైటిల్ రిజిస్టర్. టైటిల్ రిజిస్టర్‌ని ల్యాండ్ రిజిస్ట్రీ అసలు వెబ్‌సైట్లో తీసుకుంటే ఒక్కోదానికి 7 పౌండ్లు. గూగుల్‌లో పైన కనిపించే ప్రైవేటు సైట్లు అదే కాగితానికి ముప్ఫై, నలభై లాగుతాయి. గవ్ డాట్ యూకే చిరునామా ఉందో లేదో చూసుకోండి. వీటితో పాటు చివరి గ్రౌండ్ రెంట్ (భూమి యజమానికి కట్టే అద్దె) డిమాండ్, సర్వీస్ ఛార్జ్ బిల్లు, మార్ట్‌గేజ్ ఖాతా వివరాలు. ఇంకా డబ్బు: ప్రీమియం (పొడిగింపుకు ఫ్రీహోల్డర్‌కి కట్టే ధర), మీ వాల్యూయర్ (విలువ కట్టే నిపుణుడు) ఫీజు, మీ సొలిసిటర్ ఫీజు, వాటి పైన ఫ్రీహోల్డర్ వాల్యూయర్, సొలిసిటర్ల సమంజసమైన ఖర్చు కూడా. అవతలివాడి వకీలు ఫీజు మనమెందుకు కట్టాలని అడగకండి, ఇప్పుడున్న చట్టంలో అంతే.

1. ఎన్నేళ్లు మిగిలాయో సరిగ్గా లెక్కపెట్టండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. టైటిల్ రిజిస్టర్ మొదటి భాగంలో లీజు వివరాలు ఉంటాయి. ఒక ఉదాహరణ: లీజు తేదీ 1985 ఆగస్టు 9. దాని కిందే గడువు: 1982 డిసెంబర్ 25 నుంచి 125 ఏళ్లు. చదివినవాళ్లు పై తేదీ పట్టుకుని 2110 దాకా ఉందనుకుంటారు. తప్పు. లెక్క మొదలయ్యేది 1982 క్రిస్మస్ నుంచి, ముగిసేది 2107 డిసెంబర్‌లో. కాబట్టి 80 ఏళ్ల గీత 2027 డిసెంబర్‌లోనే వచ్చేస్తుంది. సంతకం ఒకరోజు, గడువు మొదలు ఇంకోరోజు కావడం ఇక్కడ మామూలే. డిసెంబర్ 25, మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29 తేదీలు కనబడితే కంగారు పడకండి, అవి పాతకాలపు అద్దె వసూలు రోజులు.

ఎస్టేట్ ఏజెంట్ ప్రకటనలో రాసిన సంఖ్యను నమ్మకండి. మీరు కొన్నప్పుడు సొలిసిటర్ రిపోర్టులో ఉన్న సంఖ్య అప్పటిది. దాన్నే ఇప్పటికీ చెప్పుకునేవాళ్లు ఉన్నారు!

2. 80కి అటా, ఇటా తేల్చుకోండి

లీజు పొడిగించమని ఫ్రీహోల్డర్‌కి చట్టప్రకారం నోటీసు ఇచ్చే రోజున గడువు 80 ఏళ్లకు పైన ఉంటే మ్యారేజ్ వాల్యూ అనేది లెక్కలోకి రాదు. 80 అయినా, ఆ కిందికి దిగినా వస్తుంది. లీజు పొడిగించడం వల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. పేరులో పెళ్లి ఉంది గానీ కట్నం మాత్రం మనవైపు నుంచే.

అంకెల్లో చూద్దాం. పొడిగించాక 3,00,000 పౌండ్లు పలికే ఫ్లాట్, గ్రౌండ్ రెంట్ ఏడాదికి 100. ట్రిబ్యునళ్లలో ఫ్లాట్లకు సాధారణంగా వాడే 5 శాతం రేటు, అద్దెకు 7 శాతం రేటు (భవిష్యత్తు డబ్బును ఇవ్వాళ్టి విలువకు దించే రేట్లు ఇవి) వేసుకుందాం. 82 ఏళ్లు మిగిలి ఉంటే ప్రీమియం సుమారు 6,850 పౌండ్లు. అదే ఫ్లాట్‌కి 79 ఏళ్లే మిగిలితే మామూలు లెక్క 7,700 దగ్గర ఆగుతుంది. కానీ దానికి మ్యారేజ్ వాల్యూలో సగం కలుస్తుంది. పొడిగించని లీజు విలువ పూర్తి విలువలో 93 శాతం అనుకుంటే ఆ సగం 6,650. మొత్తం 14,350. మూడేళ్ల జాగు, రెట్టింపు బిల్లు. మీ ఫ్లాట్‌కి అంకెలు వేరుగా వస్తాయి, ముఖ్యంగా గ్రౌండ్ రెంట్ పదేళ్లకోసారి రెట్టింపయ్యే లీజుల్లో. లీజుహోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వాళ్ల ఉచిత కాలిక్యులేటర్ ఒక అంచనాకు పనికొస్తుంది. అంచనాకే.

కొత్త చట్టం వచ్చింది కదా, ఆగవచ్చా అని రెండో ప్రశ్న. 2024 మే 24న రాజముద్ర పడిన లీజుహోల్డ్ సంస్కరణ చట్టంలో మ్యారేజ్ వాల్యూ రద్దు, 90 బదులు 990 ఏళ్లు పొడిగింపు ఉన్న మాట నిజమే. కానీ చట్టం ఆమోదం పొందడం వేరు, అందులోని ఒక్కో సెక్షన్ అమల్లోకి రావడం వేరు. కొనుక్కున్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది, ఇప్పుడు రెండేళ్లు ఆగకుండానే అడగొచ్చు. 990 ఏళ్లు, మ్యారేజ్ వాల్యూ భాగాలు ఇది రాసే నాటికి అమల్లో లేవు. నోటీసు పంపే వారం గవ్ డాట్ యూకేలో ఒకసారి చూసుకోండి.

నా అభిప్రాయం ఇది. 90కి పైన ఉంటే నిశ్చింతగా ఆగండి. 80 నుంచి 83 మధ్య ఉంటే ఎవరేం చెప్పినా వినకుండా నోటీసు పంపండి. ఇప్పటికే 80 దిగి, అమ్మే ఆలోచన లేకుండా, మార్ట్‌గేజ్ మార్చే పని లేకుండా ఉంటే ఆగడంలో అర్థముంది. 70ల్లోకి దిగిన లీజులకు చాలా బ్యాంకులు మొహం చాటేస్తాయి, కాబట్టి అమ్మాలనుకునేవాళ్లకి ఆ తీరిక ఉండదు.

3. ఫ్రీహోల్డర్ ఎవరో పట్టుకోండి

మీకు నెలనెలా ఈమెయిళ్లు పెట్టే మేనేజింగ్ ఏజెంట్ ఫ్రీహోల్డర్ కాదు. దీన్ని లావు అక్షరాల్లో రాసుకోండి, ఎందుకంటే నేను రాసుకోలేదు. నా మొదటి నోటీసు, ఇళ్ల కొనుగోళ్లు మాత్రమే చూసే ఒక సొలిసిటర్ చేతుల మీదుగా, ఏజెంట్ కంపెనీ పేరు మీద వెళ్లింది. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. చివరికి వచ్చిన ఉత్తరం రెండు వాక్యాలు: మేము భూస్వామి కాదు, ఈ నోటీసు చెల్లదు. అప్పటికి 80 ఏళ్ల గీతకు ఐదు నెలలు ఉన్నవి మూడు నెలలయ్యాయి. రెండో నోటీసు సరైన పేరుతో వెళ్లి గీతకు ఇవతలే పడింది గానీ, అది పడేదాకా నేను నిద్రపోలేదు.

ఫ్రీహోల్డ్ టైటిల్ రిజిస్టర్‌లో యజమాని పేరు, చిరునామా ఉంటాయి. దాన్ని చివరి గ్రౌండ్ రెంట్ డిమాండ్‌లో ఉన్న భూస్వామి పేరుతో పోల్చండి. రెండూ వేరైతే భవనం చేతులు మారి ఉండొచ్చు, లేదా మధ్యలో హెడ్ లీజు (ఫ్రీహోల్డర్‌కీ మీకూ మధ్య ఉండే పై లీజు) పెట్టుకున్న ఇంకో కంపెనీ ఉండొచ్చు. మధ్యలో కంపెనీ ఉంటే నోటీసు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి కాపీ పంపాలి అన్నది దాని లీజు పొడవును బట్టి మారుతుంది. ఇది సొలిసిటర్ తేల్చాల్సిన పని.

ఫ్రీహోల్డర్ జాడే లేకపోతే? భయపడకండి, కౌంటీ కోర్టు ద్వారా పొడిగింపు తీసుకునే దారి ఉంది. నెమ్మదిగా సాగుతుంది గానీ సాగుతుంది.

భవనం ఫ్రీహోల్డ్‌లో మీకే వాటా ఉంటే, పక్క ఫ్లాట్ల వాళ్లతో మాట్లాడుకుని అందరి లీజులూ 999 ఏళ్లకు పెంచుకోండి. వాటా ఉంది కదా అని లీజును గాలికొదిలేసి, అమ్మేటప్పుడు 68 ఏళ్లని తెలిసి తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

4. సరైన మనుషుల్ని పెట్టుకోండి

ఒక వాల్యూయర్, ఒక సొలిసిటర్. ఇద్దరూ ఈ పనే రోజూ చేసేవాళ్లై ఉండాలి. వాల్యూయర్‌కి ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల సంస్థ) సభ్యత్వం ఉందా, సొలిసిటర్ అలెప్ (లీజు పొడిగింపుల పని చేసేవాళ్ల సంఘం) జాబితాలో ఉన్నారా చూడండి. ఇల్లు కొన్నప్పుడు బాగా చేశాడు కదా అని పాత కన్వేయన్సర్ దగ్గరికే వెళ్లకండి. నా కథ చదివారుగా.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటి: "గత ఏడాది ఎన్ని సెక్షన్ 42 నోటీసులు పంపారు?" లీజు పొడిగింపు కోరే నోటీసు అదే. నీళ్లు నమిలితే ఇంకొకర్ని చూసుకోండి.

వాల్యూయర్ వచ్చినప్పుడు మీరు సొంత డబ్బుతో చేయించిన మార్పులు, అంటే అదనంగా కట్టిన గది, కలిపిన స్థలం లాంటివి, మర్చిపోకుండా చెప్పండి. మీ మెరుగుదల వల్ల పెరిగిన విలువకు మీరే డబ్బు కట్టాల్సిన పని లేదు.

5. తీయటి ఉత్తరం వస్తే ఏం చేయాలి

మీరు అడిగారని తెలియగానే, ఒక్కోసారి అడక్కముందే, ఫ్రీహోల్డర్ నుంచి ప్రతిపాదన వస్తుంది: సొలిసిటర్లూ నోటీసులూ ఎందుకు, లీజు మళ్లీ 125 ఏళ్లు చేస్తాం, ఇంత కట్టండి, ఆఫర్ 28 రోజులే. దీన్ని బయటి ఒప్పందం అంటారు. చెడ్డదే కానక్కర్లేదు, త్వరగా అవుతుంది కూడా. కానీ మూడు తేడాలు చూసుకోండి.

చట్టబద్ధమైన దారిలో మిగిలిన గడువు మీద 90 ఏళ్లు కలుస్తాయి. 82 ఉంటే 172 అవుతుంది. బయటి ఒప్పందంలో 125 అంటే మొత్తం 125, అంటే మీకు పెరిగింది 43. రెండోది, చట్టబద్ధమైన దారిలో గ్రౌండ్ రెంట్ మొదటిరోజు నుంచే సున్నా. లీజులో దాన్ని ఒక మిరియపు గింజ అని రాస్తారు, నవ్వకండి, నిజంగా అంతే. బయటి ఒప్పందంలో పాత గడువు అయ్యేదాకా పాత అద్దె కొనసాగించే వీలు ఫ్రీహోల్డర్‌కి ఉంది. మూడోది, మాటల్లో పెట్టి ఏడాది గడిపేస్తే మీరు 80 దిగిపోవచ్చు. బేరం ఆడుతుండగా గడియారం ఆగదు. నోటీసు ఇస్తేనే ఆగుతుంది.

అందుకే నేను చెప్పేది: ముందు నోటీసు పడేయండి, తర్వాత ఎంత తీయగా అయినా మాట్లాడుకోండి.

6. సెక్షన్ 42 నోటీసు పంపండి

1993 లీజుహోల్డ్ సంస్కరణ చట్టం కింద ఇచ్చే ఈ నోటీసే మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. విలువ లెక్కించే తేదీ ఇది అందిన రోజుకు స్థిరపడిపోతుంది. తర్వాత ఇళ్ల ధరలు ఎగిసినా, మీరు 80 దిగినా లెక్క మారదు.

పంపేముందు మీరే చూసుకోవాల్సినవి: లీజుదారులందరి పేర్లు ఉన్నాయా (భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటే ఇద్దరివీ), లీజు వివరాలు టైటిల్‌తో అక్షరం పొల్లు పోకుండా కలుస్తున్నాయా, మీరు ఇవ్వజూపే ప్రీమియం ఎంత, కౌంటర్ నోటీసుకు (ఫ్రీహోల్డర్ ఇచ్చే జవాబుకు) గడువు తేదీ ఏది. ప్రీమియం కాస్త తక్కువగా రాయడం మామూలే, బేరానికి చోటుండాలి కదా. మరీ వంద పౌండ్లని రాస్తే మాత్రం నోటీసే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. వాల్యూయర్ చెప్పిన కనిష్ఠ అంకె దగ్గర ఉండండి.

కౌంటర్ నోటీసుకు కనీసం రెండు నెలలు ఇవ్వాలి. సరిగ్గా రెండు నెలలకు పెట్టకండి. తపాలా ఆలస్యమైతే ఒకరోజు తక్కువై మొత్తం చెడుతుంది. ఓ వారం పదిరోజులు ఎక్కువ వేయండి. సంతకం పెట్టించుకునే పోస్టులో పంపి, రసీదు దాచండి.

అదే రోజు సొలిసిటర్‌తో ల్యాండ్ రిజిస్ట్రీలో నోటీసును నమోదు చేయించండి. మధ్యలో ఫ్రీహోల్డర్ భవనం అమ్మేస్తే కొత్తవాడి మీద కూడా మీ హక్కు నిలవాలంటే ఇది తప్పనిసరి.

ఇండియా తిరిగి వెళ్లి, ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్లకు: మీరు అందులో ఉండాలన్న షరతు లేదు. హైదరాబాద్ నుంచే నడపొచ్చు. అయితే డీడ్ మీద సంతకం పెట్టేటప్పుడు సాక్షి మీ పక్కనే ఉండి చూడాలి, వీడియో కాల్‌లో కుదరదు. సాక్షిగా ఇంట్లోవాళ్లని కాకుండా బయటివాళ్లని పెట్టుకోండి.

7. తేదీలు గోడ మీద రాసుకోండి

డబ్బు కన్నా తేదీల వల్లే ఎక్కువ కేసులు పోతాయి. మార్చి 10న నోటీసు అందిందనుకోండి, కౌంటర్ నోటీసుకు మీరు మే 20 పెట్టారనుకోండి.

నోటీసు అందాక ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగొచ్చు: మీరు రాసిన ప్రీమియంలో 10 శాతం, లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. అడిగాక 14 రోజుల్లో కట్టాలి. మూడు రోజుల ముందు చెప్పి ఫ్లాట్ చూడటానికి వాల్యూయర్‌ని పంపొచ్చు. అద్దెకున్నవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మే 15 తేదీతో కౌంటర్ నోటీసు వచ్చింది, మీ హక్కు ఒప్పుకుంటూనే రెట్టింపు ప్రీమియం అడిగింది. ఉలిక్కిపడకండి, అది వాళ్ల తొలి బేరం. ఇక్కణ్నుంచి వాల్యూయర్లిద్దరూ మాట్లాడుకుంటారు. తేలకపోతే జూలై 15 తర్వాత, నవంబర్ 15 లోపల ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి దరఖాస్తు వేయాలి. వేల్స్‌లో అయితే అక్కడి లీజుహోల్డ్ వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి. "ఇదిగో అయిపోతుంది, ఇంకో వారం" అని అవతలివాళ్లు నవంబర్ దాకా లాగడం పాత ఎత్తు. నవంబర్ 15 దాటితే మీ నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. వాళ్ల ఖర్చులు కట్టాలి, మరో 12 నెలలు కొత్త నోటీసు ఇవ్వకూడదు. ఆ 12 నెలల్లో 80 దిగితే ఆ నష్టం మీదే. అందుకే అక్టోబర్ 1కల్లా దరఖాస్తు వేసేయమని సొలిసిటర్‌కి మొదటిరోజే ఈమెయిల్ పెట్టండి. వేశాక కూడా బేరం సాగించొచ్చు, చాలా కేసులు వాదనల దాకా వెళ్లవు.

మే 20 దాటినా కౌంటర్ నోటీసే రాలేదా? లోపల సంతోషించండి. మే 20 నుంచి ఆరు నెలల్లో కౌంటీ కోర్టుకు వెళితే మీరు రాసిన షరతుల మీదే లీజు ఇప్పించమని అడగొచ్చు. ఆ ఆరు నెలలు దాటిస్తే ఈ సంతోషమూ పోతుంది.

షరతులు కుదిరాక రెండు నెలల్లో లీజు పూర్తి చేయాలి. అవతలివాళ్లు జాప్యం చేస్తే ఆ తర్వాతి రెండు నెలల్లోపు కోర్టుకు వెళ్లాలి. బేరం కుదిరింది కదా అని ఊపిరి పీల్చుకుని ఈ గడువు మర్చిపోయేవాళ్లు చాలామంది.

8. పూర్తి చేసేటప్పుడు

బాకీ ఉన్న గ్రౌండ్ రెంట్, సర్వీస్ ఛార్జ్ కట్టేయాలి, లేకపోతే కొత్త లీజు చేతికివ్వక్కర్లేదు వాళ్లు. బ్యాంకుకు ముందే తెలియజేయండి. ఇంగ్లండ్‌లో ప్రీమియం 40,000 పౌండ్లు, లేదా అంతకు మించితే స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేయాల్సి వస్తుంది. అప్పుడు మీకు వేరే ఇళ్లేమున్నాయో సొలిసిటర్ అడుగుతారు. కొండాపూర్ ఫ్లాట్, విజయవాడలో మీ పేరు మీదున్న ఇల్లు కూడా చెప్పండి. అదనపు పన్ను లెక్కలో ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా చూస్తారు. మినహాయింపు ఉందో లేదో వాళ్లు తేలుస్తారు, దాచడం మాత్రం వద్దు.

కొత్త లీజు ముసాయిదా పూర్తిగా చదవండి. గడువు, అద్దె తప్ప మిగతా షరతులు దాదాపు పాతవే ఉండాలి. సబ్‌లెట్‌కి అనుమతి ఫీజు, కుక్క పిల్లిని పెంచకూడదు లాంటి కొత్త క్లాజులు సందట్లో సడేమియాగా దూరతాయి. "ఇది పాత లీజులో ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్న వేయించండి, సాధారణంగా తీసేస్తారు.

9. పని నిజంగా అయిందా? చూసుకోండి

డబ్బు కట్టి సంతకాలయ్యాక కథ అయిపోలేదు. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు కావాలి, దానికి నెలలు పట్టొచ్చు. అయ్యాక మళ్లీ ఏడు పౌండ్లు పెట్టి కొత్త టైటిల్ రిజిస్టర్ మీరే తెప్పించుకోండి. మన ఉదాహరణ ఫ్లాట్ అయితే గడువు 2197 డిసెంబర్‌లో ముగియాలి. అద్దె దగ్గర మిరియపు గింజ ఉండాలి. పార్కింగ్ చోటు, కింది స్టోర్ గది ప్లాన్‌లో ఉన్నాయో లేదో పాత ప్లాన్ పక్కన పెట్టి చూడండి. మీ బ్యాంకు మార్ట్‌గేజ్ కొత్త టైటిల్ మీదికి వచ్చిందో లేదో చూడండి.

ఆఖరుగా పేరు. ఇంటిపేరు ముందో వెనకో, మధ్యలో ఇనీషియల్ ఒకటో రెండో, పెళ్లయ్యాక మారిన పాస్‌పోర్టు. మన పేర్లు ఇక్కడి గుమాస్తాల చేతిలో ఏ రూపమైనా దాలుస్తాయి. నా కొత్త టైటిల్‌లో ఇంటిపేరులోని ఒక అక్షరం ఎగిరిపోయింది. వెంటనే చెప్పాను, సొలిసిటర్ ఒక ఉత్తరంతో సరిచేయించారు. పదేళ్ల తర్వాత, అమ్మే రోజున, కొనేవాళ్ల వకీలు ఎదుట బయటపడి ఉంటే ఒక్క ఉత్తరంతో పోయేది కాదు.